సూది పట్టిన చేయి: గర్భంలోని బిడ్డకు వైద్యం చేసిన విలియం లైలీ

విజయనగరం నుంచి రాయ్‌పూర్ వెళ్లే రైలు బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటి, ఇంకాసేపట్లో రాయ్‌పూర్ వస్తుందనగా మందిర్ హసౌద్ అనే చిన్న స్టేషన్ మీదుగా సాగుతుంది. ఉత్తరాంధ్రకూ ఛత్తీస్‌గఢ్‌కూ మధ్య రాకపోకలకు ఇదే ప్రధానమైన రైలు దారి. ఈ దారికి రెండు చివర్లా ఒకే జబ్బు ఉంది. అదే సికిల్ సెల్. మన్యంలోని గిరిజన గ్రామాల్లో ఉంది, ఛత్తీస్‌గఢ్ ఆదివాసీల్లో ఉంది, అక్కడి సాహు, కుర్మీ వంటి కులాల్లోనూ ఉంది. భార్యాభర్తలిద్దరూ ఆ జన్యువును మోస్తున్నవారైతే ప్రతి గర్భంలోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు.

బిడ్డ పుట్టకముందే ఆ సంగతి తెలుసుకోవచ్చు. మూడో నెలలో మాయ నుంచి పిసరంత ముక్క తీసి పరీక్షిస్తారు. దాన్ని సీవీఎస్ అంటారు. లేదా నాలుగో నెల దగ్గరపడ్డాక ఉమ్మనీరు తీసి చూస్తారు. అది ఆమ్నియోసెంటెసిస్. రెండింటికీ కడుపులోకి సూది వెళ్లాలి. దానివల్ల గర్భం పోతుందేమోనని ఇంట్లో వాళ్లందరికీ భయం. పరీక్ష ప్రమాదమా కాదా అని డాక్టర్‌ను అడుగుతారు. డాక్టర్ ఒక శాతం చెబుతారు. ఆ శాతం ఎవరి చేతిదో మాత్రం అడిగేవాళ్లు తక్కువ, చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

ఈ సూది మాయలోకో ఉమ్మనీటిలోకో ఆగకుండా బిడ్డ కడుపులోకే వెళ్లిన రోజులున్నాయి. పొరపాటున వెళ్లిన ఆ సూదిని వైద్యంగా మార్చిన మనిషి న్యూజిలాండ్‌కు చెందిన ఆల్బర్ట్ విలియం లైలీ. ఆయన ఆలోచనకు ఊతం దొరికింది కూడా ఆఫ్రికాలోని సికిల్ సెల్ పిల్లల నుంచే.

లైలీ 1929లో ఆక్లాండ్‌లో పుట్టారు. ఆక్లాండ్ గ్రామర్ స్కూల్లో చదివి, డ్యునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో వైద్య పట్టా తీసుకున్నారు. అక్కడ ఆయన్ను ఆకట్టుకున్నది ప్రసూతి వైద్యం కాదు, నాడీ వ్యవస్థ. నాడీకణాల మీద పనిచేసి 1963లో నోబెల్ బహుమతి పంచుకున్న జాన్ ఎకిల్స్ అప్పట్లో ఒటాగోలో ఆచార్యుడు. ఎకిల్స్ తర్వాత కాన్‌బెరాకు మారారు. లైలీ కూడా అక్కడికి వెళ్లి 1950ల మధ్యలో నాడి నుంచి కండరానికి సంకేతం ఎలా అందుతుందో పరిశోధించారు. ఎలుక ఉదర వితానం నుంచి ఒక్కో కండరపు పోగులోకి, కంటికి ఆనని మొన గల గాజు ఎలక్ట్రోడ్‌ను దించి విద్యుత్తును కొలవడం ఆ పని. చేయి వణికితే ఆ పూట ప్రయోగం పోయినట్టే. ఆ క్రమశిక్షణ తర్వాతి రోజుల్లో ఆయనకు ఎంత పనికొచ్చిందో ఎవరూ కొలవలేదు గానీ, నా మటుకు నాకు లైలీ జీవితంలో అసలైన శిక్షణ అదేననిపిస్తుంది.

పరిశోధనలో మంచి పేరు వస్తున్న వేళ ఆయన దాన్ని వదిలి ఆక్లాండ్‌లోని నేషనల్ ఉమెన్స్ హాస్పిటల్‌కు వచ్చేశారు. భార్య మార్గరెట్ కూడా డాక్టరే. 1950ల చివర ఆ ఆసుపత్రిని వేధిస్తున్న సమస్య ఆర్‌హెచ్ జబ్బు.

తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్, బిడ్డది పాజిటివ్ అయినప్పుడు కాన్పు సమయంలో బిడ్డ రక్తం కొంత తల్లిలోకి చేరుతుంది. తల్లి శరీరం దాన్ని పరాయిదిగా గుర్తుపెట్టుకుంటుంది. మొదటి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. తర్వాతి బిడ్డ నుంచి మొదలవుతుంది. తల్లి తయారుచేసిన యాంటీబాడీలు మాయ దాటి వెళ్లి బిడ్డ ఎర్ర రక్తకణాలను విరగ్గొడతాయి. పుట్టగానే కామెర్లు, కొందరికి మెదడు దెబ్బతినడం, మరికొందరికి కడుపులోనే ఒళ్లంతా నీరు పట్టి చనిపోవడం. మన దేశంలో ఆర్‌హెచ్ నెగెటివ్ వాళ్లు నూటికి ఐదుగురు లోపో, కాస్త అటూ ఇటూగానో ఉంటారు. ఐరోపా సంతతిలో దాదాపు పదిహేను మంది. అందుకే అక్కడ ఇది ఇంటింటి కథ. ఒక తల్లికి వరసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పోవడం అరుదేమీ కాదు.

బతికి పుట్టిన బిడ్డకు రక్తం మార్చి కాపాడటం 1940ల నుంచే వచ్చింది. చిక్కంతా పుట్టకముందే. కాన్పు త్వరగా చేయిస్తే నెలలు నిండని బిడ్డ ఊపిరి అందక పోతుంది. ఆగితే కడుపులోనే పోతుంది. ఏ వారం కాన్పు చేయాలో చెప్పే ఆధారం కావాలి. ఉమ్మనీటిలోని పసుపు రంగుకూ జబ్బు తీవ్రతకూ సంబంధం ఉందని మాంచెస్టర్‌లో డగ్లస్ బెవిస్ 1950ల్లోనే చూపించారు. లైలీ ఆ దారిని పట్టుకుని సుమారు వంద గర్భాల్లో ఉమ్మనీరు తీశారు. ఒక ప్రత్యేక తరంగదైర్ఘ్యం దగ్గర, అంటే 450 నానోమీటర్ల కాంతిని ఆ నీరు ఎంత పీల్చుకుంటుందో కొలిచి, గర్భం ఎన్ని వారాలదో దానికి జోడించి ఒక పటం గీశారు. 1961లో అచ్చయిన ఆ పటంలో మూడు పట్టీలుంటాయి. కింది పట్టీలో పడితే నిబ్బరంగా ఉండొచ్చు. మధ్య పట్టీ అయితే మళ్లీ తీసి చూడాలి. పై పట్టీ అయితే బిడ్డకు రోజులే మిగిలాయని అర్థం. ప్రసూతి వైద్యులు తరాల తరబడి దాన్ని లైలీ చార్టు అనే పిలిచారు.

ఆ పటం అంత నమ్మదగ్గది కావడానికి ముందు సూది సరిగా పడాలి. దాన్ని లైలీ మర్చిపోలేదు. పటానికి ఏడాది ముందు, 1960లో న్యూజిలాండ్ వైద్య పత్రికలో ఆయన ఒక వ్యాసం రాశారు. ఉమ్మనీరు తీసే పద్ధతి, దానివల్ల వచ్చే ఇబ్బందులు ఆ వ్యాసం విషయం. ఫలితాల గురించి ప్రపంచానికి చెప్పకముందే ఇబ్బందుల గురించి రాయడం చిన్న సంగతిలా కనిపిస్తుంది. వైద్య చరిత్ర చదివేవాళ్లకు అదెంత అరుదో తెలుసు.

అప్పటికి ఆసుపత్రుల్లో అల్ట్రాసౌండ్ లేదు. గ్లాస్గోలో ఇయన్ డొనాల్డ్ బృందం ఆ యంత్రం గురించి తొలి వ్యాసం ప్రచురించింది 1958లోనే, కానీ అది ప్రపంచానికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. లైలీ కాలపు డాక్టర్ తల్లి పొట్ట మీద చేతులు పెట్టి బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో, నీరు ఎక్కడ నిలిచిందో తడిమి తెలుసుకోవాలి. మాయ ఎక్కడుందో ఊహించాలి. ఊహ తప్పి సూది మాయకు తగిలితే రెండు రకాల నష్టం. రక్తం కలిసిన ఉమ్మనీరు కొలతకు పనికిరాదు. అంతకంటే ఘోరం ఏమిటంటే, బిడ్డ రక్తం తల్లిలోకి చేరి ఆమె యాంటీబాడీలు ఇంకా పెరుగుతాయి. అంటే ఏ జబ్బును కనిపెట్టడానికి సూది గుచ్చామో ఆ జబ్బునే చేయి తిరగని డాక్టర్ పెంచి పెట్టినట్టు. తీసిన నీటిని వెలుతురు తగలకుండా దాచాలి, లేదంటే పసుపు రంగు తగ్గిపోయి బిడ్డ క్షేమంగా ఉన్నట్టు తప్పుడు లెక్క వస్తుంది. తడిమే చేతి నుంచి సీసా మోసే నర్సు దాకా ఎవరు తెలియక చేసినా ఫలితం మారిపోయే పరీక్ష అది.

పటం పై పట్టీలో పడిన బిడ్డల సంగతి ఏమిటి? కాన్పు చేయడానికి నెలలు చాలవు, ఆగడానికి రోజులు లేవు. ఈ ప్రశ్న దగ్గరే పొరపాటు సాయపడింది. ఉమ్మనీరు తీస్తుండగా సూది ఒకసారి బిడ్డ పొట్టలోకి దిగి, అక్కడ పట్టిన నీరు సిరంజిలోకి వచ్చింది. బిడ్డకు దానివల్ల హాని జరగలేదు. ఇంచుమించు అదే కాలంలో ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక జన్యుశాస్త్ర పరిశోధకుల ద్వారా లైలీకి ఒక సంగతి తెలిసింది. అక్కడ సికిల్ సెల్ ఉన్న పిల్లలకు రక్తనాళం దొరకనప్పుడు పొట్టలోని ఉదరకుహరంలోకే రక్తం ఎక్కిస్తున్నారట. ఆ రక్తకణాలు మెల్లగా ఒంటికి పడతాయి. ఈ రెండు సంగతులనూ లైలీ ఒకచోట చేర్చారు. పొరపాటున వెళ్లగలిగిన సూది కావాలని కూడా వెళ్లగలదు. వెళ్లినప్పుడు నీరు తీయడానికి బదులు రక్తం ఇవ్వొచ్చు.

కానీ కావాలని వెళ్లడం పొరపాటున వెళ్లడం కంటే చాలా కష్టం. గురి ఎక్కడో కనపడదు. లైలీ దానికి బిడ్డ సాయమే తీసుకున్నారు. ఎక్స్‌రేలో కనిపించే ద్రవాన్ని ముందు ఉమ్మనీటిలో కలిపేవారు. కడుపులో బిడ్డ ఉమ్మనీరు మింగుతూ ఉంటుంది కదా, దాంతోపాటు ఆ ద్రవమూ పేగుల్లోకి చేరేది. ఎక్స్‌రే తీస్తే బిడ్డ పేగులు తెల్లగా మెరిసేవి. అదే గురి. వెన్నులో మత్తు ఇవ్వడానికి వాడే లావాటి సూదిని తల్లి పొట్ట మీదుగా గర్భాశయం దాటించి, అక్కడి నుంచి బిడ్డ పొట్టలోకి దించి, దాని గుండా సన్నటి ప్లాస్టిక్ గొట్టం పంపి, సరైన చోటే చేరిందని మళ్లీ ఎక్స్‌రేలో చూసుకుని, అప్పుడు ఓ నెగెటివ్ రక్తం చుక్కచుక్కగా ఎక్కించాలి.

మొదటి మూడు ప్రయత్నాలు విఫలమయ్యాయి. ముగ్గురు బిడ్డలూ దక్కలేదు. నాలుగో ప్రయత్నం ఫలించి 1963 సెప్టెంబర్ 20న ఆ ఆసుపత్రిలో బిడ్డ సజీవంగా పుట్టింది. గర్భంలో ఉండగానే వైద్యం అంది బతికిన తొలి బిడ్డ అది. ఆ నవంబర్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో లైలీ వ్యాసం వచ్చాక ఆక్లాండ్ పేరు లోకమంతా తెలిసింది. అప్పటివరకూ రోగి అంటే తల్లే. బిడ్డ కూడా రోగి కాగలదని, ఆ రోగికి వేరే వైద్యం ఉంటుందని ఆ రోజు నుంచి తెలిసింది.

నాలుగో బిడ్డ గురించి పుస్తకాల్లో ఉంటుంది. ఆ ముందు ముగ్గురి గురించి ఒక వాక్యమే. అయితే చేయి తిరగడం అనే మాటకు అసలు అర్థం ఆ ముగ్గురిలోనే ఉంది. ఆ బిడ్డలు ఎలాగూ పై పట్టీలో ఉన్నవాళ్లు, వైద్యం లేకుంటే పోయేవాళ్లే. అయినా మొదటి సూదికీ నాలుగో సూదికీ తేడా ఆ తల్లులు మోసినదే. కొత్త పద్ధతిని ఎవరో ఒకరి మీద నేర్చుకోక తప్పదు. ఆ నేర్చుకునే కాలాన్ని ఎంత కుదించగలం, ఎంతమంది డాక్టర్లు విడివిడిగా అదే పాఠాన్ని మొదటి నుంచి నేర్చుకోవాలి అన్నదే మన చేతిలో ఉన్న విషయం.

1960ల్లో ఆ పాఠం చాలాచోట్ల మొదటి నుంచే మొదలైంది. న్యూయార్క్‌లో కొందరు తల్లి గర్భాశయాన్ని కోసి తెరిచి బిడ్డకు రక్తం ఇచ్చే ప్రయత్నం కూడా చేశారు. కెనడాలోని విన్నిపెగ్ వంటి కొన్ని కేంద్రాలు ఏళ్ల తరబడి చేసి పట్టు సాధించాయి. ఇంతలో 1968 నుంచి యాంటీ-డి ఇంజెక్షన్ వచ్చింది. కాన్పు కాగానే ఆర్‌హెచ్ నెగెటివ్ తల్లికి అది ఇస్తే యాంటీబాడీలు తయారు కావు. జబ్బు వేగంగా తగ్గిపోయింది. ఇంతకంటే మంచి వార్త ఏముంటుంది? కానీ దీనికొక వింత పర్యవసానం ఉంది. జబ్బు అరుదైంది కాబట్టి కడుపులోని బిడ్డకు రక్తం ఎక్కించగల చేతులూ అరుదయ్యాయి. అందుకే నెదర్లాండ్స్ ఆ పనంతా లైడెన్ నగరంలోని ఒకే ఆసుపత్రికి అప్పగించింది. అక్కడి డాక్టర్లు తమ ఫలితాలను తామే లెక్కగట్టి చూసుకుంటే, ఒక్కొక్కరికి పట్టు దొరకడానికి సుమారు 30 నుంచి 50 సార్లు చేయాల్సి వచ్చిందని తేలింది. ఇప్పుడు రక్తం నేరుగా బొడ్డుతాడు నాళంలోకి ఎక్కిస్తారు. రక్తహీనత ఉందో లేదో తెలుసుకోవడానికి సూదే అక్కర్లేదు, బిడ్డ మెదడు రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పారుతోందో డాప్లర్‌లో చూస్తే చాలు. లైలీ చార్టు దాదాపు చరిత్రలోకి వెళ్లిపోయింది.

ఆయన గీసిన దారి మాత్రం వేరే వైపు తిరిగింది. 1966లో ఉమ్మనీటిలోని కణాలను పెంచి క్రోమోజోములు లెక్కించడం సాధ్యమైంది. ఆ తర్వాత రెండేళ్లలోనే డౌన్ సిండ్రోమ్‌ను కడుపులో ఉండగా గుర్తించారు. దాంతో ఉమ్మనీటి పరీక్ష చావుబతుకుల్లో ఉన్న బిడ్డల నుంచి, మామూలుగా పెరుగుతున్న బిడ్డల దగ్గరికి వచ్చింది. లైలీ దీన్ని జీర్ణించుకోలేకపోయారు. బిడ్డను కాపాడటానికి తాను నేర్చిన సూది బిడ్డను వద్దనుకోవడానికి వాడటం ఆయనకు ద్రోహంలా తోచింది. 1970లో న్యూజిలాండ్‌లో గర్భస్రావ వ్యతిరేక సంఘానికి వ్యవస్థాపక అధ్యక్షుడయ్యారు. 1973లో నైట్‌హుడ్ వచ్చింది. 1978లో పోప్ విజ్ఞాన అకాడమీలో సభ్యత్వం వచ్చింది. ఆ వాదంలో ఆయనతో ఏకీభవించని డాక్టర్లు, మహిళా సంఘాలు ఎందరో ఉన్నారు. తన శరీరం మీద నిర్ణయం తల్లిదేనన్న మాటకు ఆయన దగ్గర తగిన జవాబు లేదనే నేనూ అనుకుంటాను. 1983 జూన్‌లో, 54 ఏళ్ల వయసులో, ఆయన తన ప్రాణం తానే తీసుకున్నారు.

వైద్యపరంగా కూడా ఆ మలుపు లెక్కను మార్చేసింది. రోజుల్లో పోయే బిడ్డకు సూది గుచ్చితే నూటికి ఒకటి రెండు నష్టం ఎవరూ పట్టించుకోరు. ఆరోగ్యంగా ఉన్న బిడ్డ విషయంలో అదే చాలా పెద్ద లెక్క. 1986లో డెన్మార్క్‌లో ఆన్ టాబర్ బృందం 4,600 మందికి పైగా మహిళలను రెండు గుంపులుగా చేసి చూసింది. ఉమ్మనీరు తీసిన వాళ్లలో 1.7 శాతం, తీయని వాళ్లలో 0.7 శాతం గర్భాలు పోయాయి. మన డాక్టర్లు ఇప్పటికీ చెప్పే ఒక శాతం పుట్టింది అక్కడే. అదే టాబర్ బృందం 2009లో డెన్మార్క్ దేశమంతటి రికార్డులు తీసింది. పదకొండేళ్లలో జరిగిన 64 వేలకు పైగా పరీక్షల లెక్క అది. 1,500కు పైగా ఉమ్మనీటి పరీక్షలు చేసిన విభాగాలతో పోలిస్తే, 500 కంటే తక్కువ చేసిన విభాగాల్లో గర్భస్రావం ముప్పు సుమారు రెట్టింపు. దేశం ఒకటే, సూదీ ఒకటే, అల్ట్రాసౌండూ ఉంది. చేసిన సంఖ్యే తేడా. సీవీఎస్‌లో కూడా ఇదే ధోరణి కనిపించింది. మరోవైపు, అనుభవం ఉన్న కేంద్రాల ఫలితాలన్నీ కూర్చి 2015లో చూసినప్పుడు పరీక్ష వల్లే అదనంగా పోయే గర్భాలు వెయ్యికి ఒకటి రెండుకు మించలేదు. కాబట్టి ఒక శాతమన్నది చేతిని బట్టి పెరిగే, తగ్గే అంకె.

మన దేశంలో ఉమ్మనీటి పరీక్ష 1970ల మధ్యలో ఢిల్లీలోని ఎయిమ్స్‌లో మొదలైంది. కొద్దికాలానికే అది ఆడపిల్లలను ఏరివేసే పనిముట్టయింది. అందుకే 1994లో చట్టం వచ్చింది. ఆ చట్టం లింగ నిర్ధారణను ఆపడానికి పుట్టింది కాబట్టి మన చర్చంతా దాని చుట్టూనే తిరిగింది. కానీ దాని కింద 1996లో చేసిన నిబంధనల్లో ఒక మాట ఉంది. ఇలాంటి పరీక్షలు చేసే జెనెటిక్ క్లినిక్‌లో పనిచేసే గైనకాలజిస్టు అనుభవజ్ఞుల పర్యవేక్షణలో కనీసం 20 సార్లు చేసి ఉండాలి. చేతి అనుభవాన్ని లెక్కలోకి తీసుకున్న నిబంధన అది, మెచ్చుకోవాలి. అయితే జీవితంలో ఒకసారి 20 పూర్తిచేస్తే చాలు. బ్రిటన్‌లో ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ ఏటా కనీసం 30 చేయాలంటుంది. నేర్చుకున్న చేయి వాడకపోతే మొద్దుబారుతుందన్నది వాళ్ల లెక్క. మన నిబంధనకు ఆ దృష్టి లేదు.

మన ఫారం-ఎఫ్‌లో పరీక్ష వల్ల వచ్చిన ఇబ్బందులు రాయడానికి ఒక గడి ఉంది. పరీక్ష రోజున నింపే కాగితం అది. గర్భం పోయేది సాధారణంగా తర్వాతి రోజుల్లో, వారాల్లో. అప్పటికి ఆమె మందిర్ హసౌద్‌లోనో పార్వతీపురంలోనో తన ఇంటికి చేరి ఉంటుంది. రక్తస్రావమైతే దగ్గర్లో ఏ ఆసుపత్రి ఉంటే అక్కడికే పోతుంది. సూది గుచ్చిన డాక్టర్‌కు ఆ కబురు అందదు. ఆ డాక్టర్ తన ఫలితాలు బాగున్నాయని నిజాయితీగానే నమ్ముతూ ఉండొచ్చు. లైలీ తన రోగులందరినీ కాన్పు దాకా చూశారు. ఏ కొలత పడిన బిడ్డ చివరికి ఏమైందో తెలియకుండా ఆ పటం గీయడం సాధ్యమే కాదు.

2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ 2047 నాటికి జబ్బును నిర్మూలించాలంటోంది. లక్షల మందికి రక్త పరీక్షలు జరుగుతున్నాయి, జన్యువు మోస్తున్నవారికి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డులు ఉన్న ఇద్దరు పెళ్లి చేసుకుని గర్భం వచ్చినప్పుడు సూది పరీక్ష ప్రశ్న వస్తుంది. ఆ పరీక్షలను జిల్లాకొకటిగా విడగొట్టాలా, చేయి తిరిగిన కొన్ని కేంద్రాలకే పంపి ప్రయాణ ఖర్చులు ప్రభుత్వం భరించాలా? డెన్మార్క్ లెక్క చూస్తే రెండోదే మేలనిపిస్తుంది. దూరాభారం, కూలి నష్టం, మూడో నెలలోనే తేల్చుకోవాల్సిన తొందర చూస్తే అది చెప్పినంత తేలిక కాదు. ఎక్కడ పెట్టినా, పరీక్ష తర్వాత నెల రోజులకు ఆ ఇంటికి ఒక ఆశా కార్యకర్త వెళ్లి గర్భం నిలిచిందో లేదో కనుక్కుని సూది గుచ్చిన డాక్టర్‌కు తెలియజేసే ఏర్పాటుకు పెద్ద ఖర్చేమీ కాదు.

చట్టంలోని ఐదో సెక్షన్ మరో సంగతి చెబుతుంది. పరీక్ష వల్ల వచ్చే దుష్ఫలితాలన్నీ ముందే ఆమెకు వివరించాలి. ఆమెకు అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా అంగీకారం తీసుకోవాలి. సంతకం చేసిన కాగితం ప్రతి ఒకటి ఆమె చేతికివ్వాలి. రాయ్‌పూర్‌లోని ఆసుపత్రికి వచ్చిన తెలుగు మహిళకు ఆ కాగితం తెలుగులో ఉండాలి. గత ఏడాది మీరు ఎన్ని చేశారు, వాటిలో ఎన్ని గర్భాలు పోయాయి అని అడిగే హక్కు కూడా ఆ వివరణలో భాగమే.